లడ్డూ, చుక్కీల మీద పిల్లల బొమ్మల పుస్తకం ఎలా చేయాలన్న ప్రశ్నకు నా సమాధానం

నమస్కారమండీ. మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది: మీ ఇంట్లో 12 ఏళ్లు పెరిగి ఈ వేసవిలో చనిపోయిన లడ్డూ అనే కుక్క, ఇప్పటికీ మీతోనే ఉన్న చుక్కీ అనే పిల్లి, ఈ రెండింటి మీద మీ ఆరేళ్ల పాప చదువుకునేలా ఒక బొమ్మల పుస్తకం తేవాలని మీ కోరిక. 40 పేజీల రాతప్రతి సిద్ధంగా ఉంది. బొమ్మలు వేయడం మీకు రాదు. హైదరాబాదులో దీనిని ఎలా అచ్చు వేయించాలో, 100 ప్రతులు చాలునో 1,000 వేయించాలో తేలడం లేదు. నేను ఈ నగరంలో 22 ఏళ్లుగా పిల్లల పుస్తకాలకు సంపాదకత్వం, పేజీల కూర్పు చేస్తున్నాను. మీరు జతచేసిన రాతప్రతిని రెండుసార్లు చదివాను. అచ్చు సంగతులు చివర చెబుతాను, ఎందుకంటే అవి తెలిసినవారు చేసిపెట్టగలిగినవి. రాత మాత్రం మీరు తప్ప మరొకరు చేయలేరు, కష్టమూ అక్కడే ఉంది.

మీ రాతప్రతి “లడ్డూ చాలా మంచి కుక్క, మమ్మల్ని ఎంతో ప్రేమించేది” అని మొదలై, అది ఇంటికి వచ్చిన రోజు, జబ్బు పడిన రోజు, మీరు ఊరికి వెళ్లినప్పుడు అన్నం ముట్టని రోజు, ఇలా వరుసగా 12 సంవత్సరాలూ నడిచి, దాని చివరి రాత్రితో ముగుస్తుంది. చదువుతున్నప్పుడు నాకు బాధ కలిగింది, అందులో దాపరికం లేదు. అయితే అది మీ కుటుంబం కోసం రాసుకున్న జ్ఞాపకం. లడ్డూను ఎన్నడూ చూడని ఒక పిల్లవాడు వనపర్తిలోనో వరంగల్‌లోనో ఆ పుస్తకం తెరిస్తే, దానిని ప్రేమించమని వాడికి మనం చెబుతున్నాము తప్ప ప్రేమించడానికి ఒక్క కారణమూ ఇవ్వడం లేదు. జంతువు మీద మనకున్న మమకారం కథకు ముడిసరుకే గాని కథ కాదు. ఆ 40 పేజీలనూ చక్కగా టైపు చేయించి, ఫొటోలతో కలిపి ఇంట్లో దాచుకోండి, పాప పెద్దయ్యాక చదువుకుంటుంది. బొమ్మల పుస్తకాన్ని మాత్రం వేరుగా మొదలుపెట్టండి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది మీరే రాసిపెట్టారు, గమనించలేదు. మీ 17వ పేజీలో ఒక వాక్యం ఉంది: ఇంటికి ఎవరు వచ్చినా, గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లో ఎడమ కాలి చెప్పును మాత్రమే లడ్డూ ఎత్తుకుపోయి మెట్ల కింద దాచేదని. ఆ వాక్యం తరువాత మీరు మళ్లీ దాని మంచితనం గురించి రాసుకుంటూ వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. మంచితనం వేల కుక్కలకు ఉంటుంది, ఎడమ చెప్పు మాత్రమే ఎత్తుకుపోయే కుక్క మీ ఇంట్లోనే ఉంది. అంతేకాదు, ఇది చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి అడుగుపెట్టే ఇళ్లలోనే పుట్టగల కథ. మన పిల్లలకు దాని వెనుక ఉన్న సంగతి ఎవరూ వివరించనక్కరలేదు.

ఇప్పుడు ఆ అలవాటుకు ఒక రోజును జతచేయండి. మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరుగుతున్నదనుకుందాం. బంధువులు, అపార్ట్‌మెంట్ వాళ్లు, పంతులుగారు, పక్కింటి మామ్మ, ఒకరి తరువాత ఒకరు వస్తారు. పూజ ముగిసి, ప్రసాదం తిని, వెళ్లబోతూ చూసుకుంటే అందరికీ కుడి చెప్పులే మిగిలాయి. వెతుకులాట మొదలవుతుంది. ఒకాయన కుంటుతూ తిరుగుతాడు, ఒకావిడ మరొకరి చెప్పు వేసుకుని అది బిగుతుగా ఉన్నదని విసుక్కుంటుంది. ఈ గందరగోళమంతా జరుగుతుండగా, ఇస్త్రీ బట్టల దొంతర మీద తప్ప ఎక్కడా కూర్చోదని మీరు రాసిన చుక్కీ, ప్రతి బొమ్మలోనూ ఒక మూల కూర్చుని మెట్ల వైపే చూస్తూ ఉంటుంది. రాతలో చుక్కీ పేరు ఒక్కసారి కూడా రాదు. మూడో పేజీకో నాలుగో పేజీకో పిల్లలే ఆ చూపును పట్టుకుంటారు, పట్టుకున్న తరువాత పుస్తకం చదువుతున్న అమ్మ కంటే తమకే ఎక్కువ తెలుసన్న గర్వంతో చివరి దాకా వింటారు. బొమ్మ చెబుతున్న దానిని రాత మళ్లీ చెప్పకూడదు, రాత చెబుతున్న దానిని బొమ్మ అలాగే వేసి చూపకూడదు. ఈ పనిలో నేను నేర్చుకున్న వాటిలో కొత్తవారికి ఒప్పించడం అన్నింటికన్నా కష్టమైనది ఇదే.

లడ్డూ ఎందుకలా చేసేదన్న ప్రశ్న మీకు వస్తుంది. చెప్పు లేకపోతే మనిషి వెళ్లిపోలేడని దాని నమ్మకం కావచ్చు. కథకు అసలు బలం అక్కడే ఉంది, అందుకే దానిని మాటల్లో పెట్టవద్దు. మెట్ల కింద వరుసగా పేర్చిన ఎడమ చెప్పుల మీద తల ఆనించి లడ్డూ నిద్రపోతున్న బొమ్మ ఒకటి చాలు.

ఇటువంటి అలవాట్లు ఇంకా ఏమున్నాయో వెతకడానికి నేను అందరికీ ఒకే పని చెబుతుంటాను. పది రోజుల పాటు రోజుకు మూడు చొప్పున 30 విషయాలు రాయండి. వాటిలో “ప్రేమ”, “విశ్వాసం”, “ముద్దు” అన్న మాటలు రాకూడదు, కంటికి కనబడినది, చెవికి వినబడినది మాత్రమే ఉండాలి. చుక్కీ మీ కళ్ల ముందే ఉంది కనుక దాని వెంట తిరిగి రాసుకోవచ్చు: పట్టపగలు ఎండలో దాని కనుపాప నిలువుగీతలా సన్నబడుతుంది, చీకటిలో గుండ్రంగా విచ్చుకుంటుంది, ముందు కాళ్లకు ఐదేసి, వెనుక కాళ్లకు నాలుగేసి వేళ్లు ఉంటాయి, ఎక్కడికైనా దూకే ముందు వెనుక భాగాన్ని కొద్దిగా అటూ ఇటూ ఊపుతుంది. లడ్డూ విషయంలో ఫోనులోని వీడియోలు చూడండి, మీ అపార్ట్‌మెంట్ కాపలాదారుని, పాలు వేసే అబ్బాయిని అడగండి. అందరికన్నా ముందు మీ పాపను అడగండి, ఎందుకంటే పిల్లలకు గుర్తుండేవి మనకు గుర్తుండే సంగతులు కావు.

కుక్క చేత మాట్లాడించాలా వద్దా అని కూడా అడిగారు. నా అభిప్రాయంలో వద్దు. కుక్క “నేను మిమ్మల్ని ఎంతో ప్రేమిస్తున్నాను అమ్మా” అంటే అది కుక్క వేషం వేసిన మనిషి అవుతుంది. దానికి బదులు చిత్రకారులను కుక్క ఎత్తుకు దిగి చూడమనండి. నేల నుంచి అడుగున్నర ఎత్తులో ప్రపంచమంతా పాదాలు, చీర కుచ్చిళ్లు, బల్ల కాళ్లు, కింద పడిన బూందీ. కుక్కలు నీలం, పసుపు రంగులను బాగా గుర్తిస్తాయి, ఎరుపు, ఆకుపచ్చలను విడదీసి చూడలేవు; కనుక లడ్డూ కళ్లతో చూపించే రెండు పేజీలను నీలం, పసుపు, బూడిద రంగుల్లో మాత్రమే వేయిస్తే, ఎవరూ వివరించకుండానే పిల్లలు “ఇక్కడ రంగులు ఎందుకు మారాయి?” అని అడుగుతారు. మనుషులకు వినబడే ధ్వని సెకనుకు 20,000 కంపనాల దగ్గర ఆగిపోతే, కుక్కలకు 45,000 దాకా వినబడుతుంది. గంట మోగేటప్పుడు, కుక్కరు ఈల వేసేటప్పుడు లడ్డూ చెవులు ఎటు తిరిగాయో బొమ్మలో ఉంటే చాలు.

ఇక పేజీల లెక్క. మీరు 40 పేజీల పుస్తకం అన్నారు, కానీ ఈ రకం పుస్తకం సాధారణంగా 32 పేజీలలో వస్తుంది, దానికి కారణం సాహిత్యం కాదు, కాగితం. 20×30 అంగుళాల డబుల్ క్రౌన్ షీటును మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, అంటే 16 పేజీల ఒక ఫారం వస్తుంది. రెండు ఫారాలు కలిస్తే 32. కత్తిరింపుకు ముందు ఒక్కో పేజీ 7.5×10 అంగుళాలు ఉంటుంది, దానినే మన ప్రెస్సుల్లో క్రౌన్ 1/4 అంటారు. చదరపు పుస్తకం చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని అదే షీటులో కాగితం వృథా అవుతుంది, ఆ వృథాకు కూడా మీరే డబ్బు కడతారు. మొదటి పేజీలో పేరు, రెండో పేజీలో ప్రచురణ వివరాలు, మూడో పేజీలో అంకితం పోగా, 4 నుంచి 31 వరకు ఎదురెదురు పేజీల జంటలు 14 వస్తాయి, 32వ పేజీ ఒంటరిగా మిగులుతుంది. మీ కథను 14 దృశ్యాలుగా విడగొట్టండి. విడగొట్టలేకపోతే కథలో ఇంకా అలవాటు ఉందే తప్ప సంఘటన లేదని అర్థం.

ఆరేళ్ల వారికి 32 పేజీలకు 300 నుంచి 500 మాటలు చాలు. మీ ప్రతిలో ఒక పేజీలోనే అన్ని మాటలు ఉన్నాయి. భాష విషయంలో ఒక చిన్న పరీక్ష ఉంది: రాసిన వాక్యాన్ని బిగ్గరగా చదివి, నిజంగా ఎవరైనా పిల్లలకు చెప్పేటప్పుడు అలా అంటారా అని మిమ్మల్ని మీరే అడగండి. “శునకం పాదరక్షను అపహరించెను” అని మీరు రాయలేదు, సంతోషం, కానీ “లడ్డూ ఆనందాన్ని వ్యక్తపరిచింది” అని రాశారు, అది కూడా అదే తరగతి. తోక టపటపా కొట్టింది అంటే సరిపోతుంది. మన భాషకు గబగబా, తపతపా, గురగుర, దబ్బున వంటి మాటల సంపద ఉంది. చదివి వినిపించేటప్పుడు పిల్లలు మీతో కలిసి పలికేవి అవే. మీ ఇంట్లో “ఉరికింది” అంటారా, “పరిగెత్తింది” అంటారా? ఏది అంటే అదే రాయండి. తెలంగాణ మాట రాస్తే అవతలి జిల్లాల పిల్లలకు అర్థం కాదేమోనన్న భయం అనవసరం, బొమ్మలో కుక్క ఉరుకుతూనే ఉంటుంది.

మరొక సంగతి, తెలుగులో రాసేవారికి దొరికిన వరం. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, దానికి ముందు ఎన్ని అసమాపక క్రియలనైనా పేర్చవచ్చు. “లడ్డూ చెప్పును నోట కరుచుకుని, తలుపు సందులోంచి దూరి, నాలుగు మెట్లు దిగి, అటూ ఇటూ చూసి...” అని కుడి పేజీ అడుగున ఆపండి. పేజీ తిప్పకుండా ఏ పిల్లవాడూ ఉండలేడు, ఎందుకంటే వాక్యం పూర్తి కాలేదు. క్రియ తరువాతి పేజీలో ఉంది. మీ 14 దృశ్యాల్లో కనీసం నాలుగుచోట్ల ఈ పద్ధతి వాడండి, అన్నిచోట్లా వాడితే విసుగు పుడుతుంది.

రాత కుదిరాక చిత్రకారుల దగ్గరకు వెళ్లే ముందు డమ్మీ (నమూనా పుస్తకం) చేసుకోండి. ఎనిమిది తెల్ల కాగితాలను మధ్యకు మడిచి పిన్ను కొడితే 32 పేజీలు అవుతాయి. ప్రతి పేజీలో పెన్సిలుతో గుండ్రాలు, గీతలు పెట్టి ఎవరు ఎక్కడ ఉన్నారో గుర్తు పెట్టుకోండి. బొమ్మ రాకపోయినా ఈ పని ఎవరికైనా వస్తుంది. ఆ డమ్మీని మీ పాపకు కాదు, మీ అపార్ట్‌మెంట్‌లో లడ్డూతో అంతగా పరిచయం లేని నలుగురు పిల్లలకు చదివి వినిపించండి. ఎలా ఉందని అడగవద్దు, బాగుందనే అంటారు. ఎక్కడ కిటికీ వైపు చూశారో గుర్తు పెట్టుకుని ఆ పేజీని తిరిగి రాయండి.

చిత్రకారుల కోసం మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ లలిత కళల విభాగం, ఈ రెండుచోట్ల చదివినవారిని, చదువుతున్నవారిని విచారించండి. వారు వేసిన అందమైన ఒక్క బొమ్మను చూసి నిర్ణయించుకోవద్దు. ఒకే కుక్కను ఆరు భంగిమల్లో, అంటే కూర్చుని, ఉరుకుతూ, నిద్రపోతూ, వెనుక నుంచి, పై నుంచి, చెప్పు కరుచుకుని వేసి చూపమని అడిగి, దానికి తగిన పారితోషికం విడిగా ఇవ్వండి. ఆరింటిలోనూ అది అదే కుక్కగా ఉందా అన్నదే అసలు పరీక్ష. ఈ మధ్య కంప్యూటరు చేత బొమ్మలు తయారు చేయించి నాకు పంపేవారు పెరిగారు. ఒక పేజీలో కుడి చెవి మీద ఉన్న మచ్చ తరువాతి పేజీలో ఎడమ చెవికి మారిపోతుంది, పెద్దలు గమనించరు, పిల్లలు వెంటనే వేలు పెట్టి చూపిస్తారు. జంతు శరీరంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటి చెబుతాను: కుక్క వెనుక కాలిలో వెనక్కి వంగినట్టు కనబడేది మోకాలు కాదు, మడమ, మోకాలు దానికి పైన, పొట్ట దగ్గర ఉంటుంది. ఇది తెలియని చేతి నుంచి వచ్చిన కుక్క బల్లలా నిలబడుతుంది.

చిత్రకారులతో ఒప్పందం కాగితం మీద ఉండాలి, తెలిసినవారైనా సరే. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండి, సంతకం జరిగి ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 సంవత్సరాలకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని భావిస్తారు. రేపు అమెరికాలో ఉన్న మీ చెల్లెలు అక్కడ నాలుగు ప్రతులు అచ్చు వేయిస్తానన్నప్పుడు ఈ రెండో మాట గుర్తుకు వస్తుంది. అసలు బొమ్మలు ఎవరి దగ్గర ఉండాలి, మలి ముద్రణకు ఎంత ఇవ్వాలి అన్నవి కూడా రాసుకోండి. ముఖచిత్రం మీద మీ పేరు ఏ సైజులో ఉంటే చిత్రకారుల పేరూ అదే సైజులో వేయండి. ఇది చట్టం కాదు, నా పట్టుదల.

మీ కథలో పిల్లలు చూసి అనుకరించే పనులేమున్నాయో ఒకసారి జల్లెడ పట్టాలి. మీ 22వ పేజీలో పాప తన చాక్లెట్‌లో సగం లడ్డూకు పెడుతుంది. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ కుక్కలకు విషం. వ్రతం కథలో ప్రసాదం కూడా ఉంటుంది, అందులో కిస్మిస్ ఉంటుంది. కనుక లడ్డూ ఆ ప్రసాదం తినే దృశ్యం వేయవద్దు. నిద్రపోతున్న కుక్కను, తింటున్న కుక్కను పిల్లలు వెళ్లి కౌగిలించుకునే బొమ్మ కూడా వద్దు, మన వీధుల్లో అది ప్రమాదానికి దారి తీస్తుంది. పక్కింటి మామ్మ పంజరంలో రామచిలుక ఉన్నదని రాశారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకలను పంజరంలో పెంచడం నేరం, నక్షత్ర తాబేలు సంగతీ అంతే. పాతబస్తీ ముర్గీ చౌక్‌లో పక్షుల పంజరాలు చూస్తూ పెరిగిన తరానికి ఇది వింతగా తోచవచ్చు గాని, పిల్లల పుస్తకంలో దానిని మురిపెంగా చూపించలేము. మామ్మ పిట్టగోడ మీద చిలుక వచ్చి వాలి, జామకాయ కొరికి ఎగిరిపోయిందని మార్చండి, బొమ్మ ఇంకా బాగుంటుంది.

లడ్డూ మరణాన్ని పుస్తకంలో పెట్టాలా? ఈ ప్రశ్నను మీరు చివరి వాక్యంలో, అడిగీ అడగనట్టు అడిగారు. ఎడమ చెప్పు కథలో దానికి చోటు లేదు, బలవంతంగా చొప్పిస్తే రెండు కథలూ పాడవుతాయి. ఎప్పుడైనా విడిగా రాస్తే “చనిపోయింది” అనే రాయండి. “నిద్రపోయింది” అని రాస్తే కొందరు పిల్లలు ఆ రాత్రి నుంచి పడుకోవడానికే భయపడతారు. “దేవుడి దగ్గరకు వెళ్లింది” అంటే ఎప్పుడు తిరిగి వస్తుందని అడుగుతారు. మీ పాప అలా అడిగిందని మీరే రాశారు కదా.

ఇప్పుడు అచ్చు. అక్షరాల కూర్పు దగ్గర నేను ఒకసారి చాలా నష్టపోయాను. నా తొలి పుస్తకాన్ని ఒక డీటీపీ (కంప్యూటరులో అక్షరాలు కూర్చే) కేంద్రంలో అను అనే పాత పద్ధతి ఫాంట్‌లలో చేయించి, తరువాత మరొకచోట, అన్ని కంప్యూటర్లలోనూ పనిచేసే అక్షర ప్రమాణమైన యూనికోడ్‌లోకి మార్పించాను. మార్పులో కొన్ని వత్తులు ఎగిరిపోయాయి, ప్రూఫు మళ్లీ చదవకుండా అచ్చుకు ఇచ్చాను. “అమ్మ” అన్నచోటల్లా “అమ” అని 1,000 ప్రతులు వచ్చాయి. తప్పు పూర్తిగా నాదే. మీరు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే చేయించండి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గిడుగు, సురవరం వంటి ఫాంట్‌లు ఉచితంగా, అచ్చుకు కూడా వాడుకునే అనుమతితో దొరుకుతాయి. ఇన్‌డిజైన్ అనే పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో చేసేవారు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సదుపాయాన్ని ఆన్ చేయకపోతే గుణింతాలు, వత్తులు విడిపోతాయి, అది అడిగి చూసుకోండి. పిల్లలకు అక్షరం 18 నుంచి 20 పాయింట్లు ఉండాలి. పంక్తుల మధ్య ఎడం ఇంగ్లీషు పుస్తకాల కన్నా ఎక్కువ కావాలి, ఎందుకంటే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి.

బొమ్మలు అచ్చు కొలతలో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, అంచుల దాకా రంగు ఉన్న పేజీలకు చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు రంగు) వదలాలి, సీఎంవైకే అనే అచ్చు నాలుగు రంగుల పద్ధతిలోకి మార్చి రంగులు చూసుకోవాలి. తెర మీద మెరిసే చిలకపచ్చ, నీలం కాగితం మీద మందగిస్తాయి. ముఖ్యమైనది రెండు పేజీలు కలిసే మడత. అక్కడ ఎవరి ముఖమూ ఉండకూడదు. నా రెండో పుస్తకంలో పిల్లి ముక్కు ఆ మడతలోకి వెళ్లిపోయి, పిల్లికి రెండు చెంపలే మిగిలాయి.

100 ప్రతులా, 1,000 ప్రతులా అన్న ప్రశ్నకు జవాబు ప్లేట్లలో ఉంది. ఆఫ్‌సెట్‌లో, అంటే పేజీలను లోహపు ప్లేట్ల మీదకు ఎక్కించి అచ్చు వేసే పద్ధతిలో, నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు. రెండు ఫారాలు, ఒక్కో దానికి రెండు వైపులు, అంటే లోపలి పేజీలకే 16 ప్లేట్లు, అట్టకు వేరు. ఒక్క ప్రతి వేసినా 1,000 వేసినా ఈ ఖర్చు మారదు కనుక సంఖ్య పెరిగే కొద్దీ ప్రతి ధర పడిపోతుంది. డిజిటల్ ముద్రణలో ప్లేట్లు ఉండవు, కనుక 50, 100 ప్రతులకు అదే నయం. 1,000 చవక అనిపించి వేయించి, మంచం కింద 800 పెట్టుకున్నవారు నాకు చాలామంది తెలుసు, వారిలో నేనూ ఒకడిని. మొదట 100 డిజిటల్‌లో వేయించండి. లోపల 130 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మాట్ (మెరుపు లేని) ఆర్ట్ పేపరు, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మాట్ లామినేషన్. 32 పేజీలకు సెంటర్ పిన్నింగ్ (మడత మధ్యలో పిన్నులు కొట్టడం) చాలు, పుస్తకం పూర్తిగా విచ్చుకుంటుంది; పర్ఫెక్ట్ బైండింగ్ (వెన్నుకు జిగురు పెట్టి అతికించడం) చేయిస్తే జంట బొమ్మల మధ్య భాగం లోపలికి పోతుంది. చిక్కడపల్లి, నారాయణగూడ, ఆజామాబాద్ ప్రాంతాల్లో మూడుచోట్ల ధర అడగండి, అడిగేటప్పుడు ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి మూడుచోట్లా అదే ఇవ్వండి, లేకపోతే ధరలు పోల్చడానికి వీలుండదు.

అమ్మే ఉద్దేశం ఉంటే ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) తీసుకోండి. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఆన్‌లైన్‌లో దరఖాస్తు మీద ఉచితంగా ఇస్తుంది, రచయితలు స్వయంగా అడగవచ్చు. దానికి డబ్బు అడిగేవారు ఎదురైతే దండం పెట్టి వచ్చేయండి. పిల్లల బొమ్మల పుస్తకాల మీద జీఎస్టీ లేదు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి.

సొంతంగా వేయించడమే దారి కాదు. తార్నాకలోని మంచి పుస్తకం వారు తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తారు, చెన్నైలోని తూలికా వారి బొమ్మల పుస్తకాలు తెలుగులోనూ వస్తాయి; పంపే ముందు వారి పుస్తకాలు పది చదివి, మీ కథ అక్కడ ఇముడుతుందో లేదో చూసుకోండి. ప్రచురణ సంస్థలు సాధారణంగా చిత్రకారులను తామే ఎంచుకుంటాయి, కనుక రాత మాత్రమే పంపండి. పిల్లల పుస్తకాల సంస్థ ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే ఆన్‌లైన్ వేదికలో 2015 నుంచి ఎవరైనా కథ పెట్టవచ్చు, కానీ అక్కడ పెట్టిన కథను పేరు ఉదహరించి ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు. అది ఇష్టమైతేనే పెట్టండి. పుస్తక ప్రదర్శనకు తేవాలనుకుంటే ఒంటి పుస్తకానికి స్టాలు అద్దె గిట్టదు, కాచిగూడ నవోదయ వంటి దుకాణాల వారిని కలిసి, వారి బల్ల మీద ఉంచుతారేమో అడగండి.

చివరగా, లడ్డూ ఫొటో ముఖచిత్రం మీద వేయవచ్చా అని అడిగారు. వద్దండీ, లోపల బొమ్మ కుక్క, బయట నిజం కుక్క ఉంటే పిల్లలు తికమక పడతారు. మూడో పేజీలో, అంకితం ఉండే చోట, అగ్గిపెట్టె సైజులో వేసి కింద పేరు, అది మీతో ఉన్న సంవత్సరాలు రాయండి. 32వ పేజీలో గుమ్మం ముందు విడిచిన చెప్పుల వరుస వేయించి, అందులో పాప చెప్పుల దగ్గర కుడిది మాత్రమే ఉంచమని చిత్రకారులకు చెప్పండి. ఆ పేజీకి రాత అక్కరలేదు.